లాంకాస్టర్ చూసొచ్చాం, పోచంపల్లి ఎప్పుడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను "చూడదగిన ప్రదేశాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను మెకానికల్ ఇంజనీరును. ఉద్యోగరీత్యా నాలుగు ఊళ్లు, నాలుగు దేశాలు తిరిగానని ఈ పని నాకు అప్పగించినట్టున్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కాశీ, కేరళ, దుబాయ్ చూడనివాళ్లు తక్కువే. వాటి గురించి నేను చెప్పేది మీకు తెలియనిది కాదు. అందుకని ఒక్క ప్రయాణం గురించే చెబుతాను. అల్వాల్ నుంచి పొద్దున బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చే ప్రయాణం అది. అయితే దాన్ని చెప్పడానికి ముందు మిమ్మల్ని ఒకసారి అమెరికా తీసుకెళ్లాలి.

మన బ్యాచుల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామంది. తల్లిదండ్రులు వెళితే పిల్లలు వరసగా చూపించేవి మనకు తెలుసు. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ, నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్‌లో వెంకన్న గుడి. న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు పిల్లలున్నవాళ్లకు ఇంకొకటి కూడా చూపిస్తారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ కౌంటీ. అమిష్ వాళ్లు ఉండే పల్లెసీమ. గుర్రబ్బండ్లు, నల్ల టోపీలు, తెల్ల కుచ్చు టోపీలు, దండేల మీద వరసగా ఆరేసిన బట్టలు, చేలల్లో కంచరగాడిదలు లాగే నాగళ్లు. మన అమ్మానాన్నల వయసువాళ్లు అక్కడికి పోయి "ఇది మన చిన్నప్పటి ఊరే కదరా" అనడం నేను స్వయంగా విన్నాను. ఇంత దూరం విమానమెక్కి వచ్చి చూసింది ఎడ్లబండేనా అని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు.

అమిష్ వాళ్లు ఎవరో రెండు మాటల్లో చెబుతాను. యూరప్‌లో, ముఖ్యంగా స్విట్జర్లాండ్ వైపు, పెద్దయ్యాక తెలిసి తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుందని నమ్మిన క్రైస్తవులు కొందరు ఉండేవారు. వాళ్లలో 1693లో జాకబ్ అమ్మన్ అనే పెద్ద వెనుక వేరుపడినవాళ్లే అమిష్‌లు. హింస పడలేక పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ ఒక పాత జర్మన్ యాస మాట్లాడతారు. వాళ్లకు దాయాదుల్లాంటి మెన్నొనైట్లు మనకు కొత్తవాళ్లేమీ కాదు. పాలమూరు, నల్లగొండ వైపు వాళ్ల సంఘాలు వందేళ్లకు పైబడి ఉన్నాయి. జడ్చర్లలో మెన్నొనైట్ల ఆస్పత్రి ఆ వైపువాళ్లకు తెలుసు.

అమిష్‌లకు యంత్రాలంటే పడదని చాలామంది అనుకుంటారు. నేను ఇంజనీరును కాబట్టి నా కన్ను ముందు యంత్రాల మీదే పడింది. చూస్తే సంగతి వేరుగా ఉంది. ఇంటికి కరెంటు తీగ రానివ్వరు. కానీ వడ్రంగి కొట్టంలో రంపాలు గాలి ఒత్తిడితో నడుస్తుంటాయి. ఆ గాలిని ఒత్తిడి చేసేది డీజిల్ ఇంజను. పాలు చల్లబరిచే తొట్టె ఉంటుంది, లేకపోతే పాల కంపెనీవాడు కొనడు. టెలిఫోను ఇంట్లో ఉండదు, దారి చివర చిన్న గూడులాంటి గదిలో ఉంటుంది. అవసరమైతే నడిచి వెళ్లి మాట్లాడి రావాలి. కారు సొంతంగా ఉండకూడదు. అవసరానికి ఎవరి కారులోనైనా కిరాయికి ఎక్కవచ్చు.

వినగానే ఇదంతా తిక్క లెక్కలాగా అనిపిస్తుంది. కానీ లోపల ఒక ప్రశ్న ఉంది. ఒక వస్తువు కొత్తగా వస్తే "ఇది పని తేలిక చేస్తుందా?" అని మాత్రమే వాళ్లు అడగరు. "ఇది వస్తే మన ఇల్లు ఏమవుతుంది, మన ఇరుగుపొరుగు ఏమవుతారు?" అని అడుగుతారు. కారు ఉంటే పిల్లలు దూరాన స్థిరపడతారు. ఫోను ఇంట్లో ఉంటే పక్కింటికి పోవడం తగ్గుతుంది. అందుకని వాటిని గడప బయట ఆపారు. పాత్ర కడిగే నీళ్లకు, పాలకు, రంపానికి వచ్చిన యంత్రం ఇంటిని చెదరగొట్టదు కాబట్టి రానిచ్చారు. ఈ కట్టుబాటును వాళ్లు ఆర్డ్‌నుంగ్ అంటారు. ఇరవై నుంచి నలభై కుటుంబాలున్న ఒక్కో సంఘం కూర్చుని మాట్లాడుకుని తేల్చుకుంటుంది. అందుకే ఒక ఊళ్లో ఒప్పుకున్నది పక్క ఊళ్లో ఒప్పుకోరు.

వాళ్ల పద్ధతులన్నీ మెచ్చుకోవాలని నేను అనడం లేదు. ముఖ్యంగా ఈ సభలో అనలేను. వాళ్ల పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆపైన బడికి పంపమని వాళ్లను బలవంతపెట్టకూడదని 1972లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. మన గురువులు ఎవరూ దీనికి చేతులెత్తరు, నేనూ ఎత్తను. నేను అక్కడ నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. ఏ యంత్రాన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి, అది ఎవరు తేల్చాలి?

మన అల్వాల్‌నే చూడండి. మనం నిక్కర్లు వేసుకుని ఈ బడికి వచ్చిన రోజుల్లో ఇది ఊరు. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఏది రావాలి, ఏది పోవాలి అని ఈ ఊరివాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు. అన్నీ వాటంతటవే వచ్చాయి, కొన్ని వాటంతటవే పోయాయి.

ఆ ప్రశ్నను మన భాషలో, మన మనుషుల ఇళ్లల్లో చూడాలంటే పదిహేను గంటల విమానం అక్కర్లేదు. గంటన్నర కారు ప్రయాణం చాలు. ఆ ఊరు భూదాన్ పోచంపల్లి, ఆ చుట్టుపక్కల నేత పల్లెలు.

దారి చెబుతాను. అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వెళ్లి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దాకా పోండి. అక్కడ కుడివైపు తిరిగితే పోచంపల్లి. పొద్దున ఏడింటికి బయలుదేరితే మంచిది. మగ్గం మీద పని పొద్దున జోరుగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు పోయి తలుపు తట్టడం మర్యాద కాదు.

ఊళ్లో మొదట వినోబా మందిరం చూడండి. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే తెలంగాణ పల్లెల్లో పాదయాత్రకు బయలుదేరారు. ఏప్రిల్ 18న ఈ ఊరికి వచ్చారు. సాయుధ పోరాటంతో అట్టుడికిన ప్రాంతం ఇది. నలభై దళిత కుటుంబాలవాళ్లు ఎనభై ఎకరాలు ఉంటే బతుకుతామని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరు ముందు "భూదాన్" చేరింది. పిల్లల్ని వెంట తీసుకెళితే ఇక్కడ ఒక అరగంట కూర్చుని ఈ కథ చెప్పండి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివింది ఒక ఊరుగా కనబడుతుంది.

ఇక మగ్గాలు. మన ఆడవాళ్లకు పోచంపల్లి చీర గురించి నేను చెప్పేదేమీ లేదు. మగవాళ్లకు మాత్రం చెప్పాలి. మామూలు చీరలో బట్ట నేశాక రంగు అద్దుతారు, లేదా ఒకే రంగు దారాలతో నేస్తారు. ఇక్కడ బట్ట ఇంకా పుట్టకముందే, దారంగా ఉన్నప్పుడే, ఏ దారంలో ఏ చోట ఏ రంగు ఉండాలో నిర్ణయించి కట్టి రంగు వేస్తారు. దీన్ని ప్రపంచమంతా ఇక్కత్ అంటుంది. అది కట్టడం అని అర్థం వచ్చే ఇండోనేషియా మాట నుంచి వచ్చింది. మన దగ్గర చిటికి అనీ, పగుడుబంధు అనీ అంటారు.

పోచంపల్లి వెళ్లినవాళ్లు చాలామంది చేసే పని ఏమిటంటే, దుకాణంలోకి పోతారు, చీర కొంటారు, ఒక మగ్గం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. అలా కాకుండా పనిని వరసలో చూడండి. మొదట రాట్నం మీద దారం చుట్టేది. తర్వాత ఆసు పోసేది. తర్వాత ఆ దారాల మీద బొమ్మ లెక్క ప్రకారం గుర్తులు పెట్టి రబ్బరు పట్టీలతో బిగించి కట్టేది. ఆ రబ్బరు చాలాచోట్ల పాత సైకిల్ ట్యూబు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ తర్వాత కండెలకు చుట్టడం, అప్పుడు గుంట మగ్గం మీద నేయడం. నాడె ఇటునుంచి అటు పోయిన ప్రతిసారీ నేతగాడు దారాన్ని కాస్త సర్దుకుంటాడు. గుర్తు గుర్తుతో కలవాలి. మా కార్ఖానాల్లో రెండు భాగాలు కలిసే చోట కొలత తప్పితే గేజీ పెట్టి పట్టుకుంటాం. ఇక్కడ గేజీ కన్నే. ఇక్కత్ బొమ్మ అంచులు కొంచెం పొగమంచులా చెదిరినట్టు ఉండేది అందుకే. దాన్ని లోపం అనుకోకండి, అదే దాని సంతకం.

ఇప్పుడు ఆసు దగ్గర కాసేపు ఆగుదాం. నేను మీకు ఈ ప్రయాణం గురించి చెప్పడానికి అసలు కారణం అదే.

ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం. ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా విల్లు వంపులో వరసగా మేకులు. దారాన్ని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి, ఒక్కొక్కటిగా పోయాలి. బొమ్మ కట్టడానికి పేక దారాన్ని సిద్ధం చేసే పని ఇది. తరతరాలుగా ఆడవాళ్లే చేసేవారు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఒక్కోసారి మీటరు దూరం అనుకున్నా 9 కిలోమీటర్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18. అంటే దాదాపు అల్వాల్ నుంచి మేడ్చల్ దాకా ఒక చెయ్యి గాలిలో ప్రయాణం చేసినట్టు. అదీ కూర్చున్న చోటే, కళ్లు దారం మీద నుంచి తిప్పకుండా. ఒక్క చీరకు నాలుగైదు గంటలు పట్టేది. భుజాలు, మోచేతులు ఏమవుతాయో మీరే ఆలోచించండి.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే ఒక తల్లి ఈ పని చేసేది. భుజం నొప్పితో ఇక నా వల్ల కాదనేది. ఆమె కొడుకు చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినవాడు. 1992లో ఆసు పోసే యంత్రం చేయాలని మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదవలేదు, డ్రాయింగు రాదు, డబ్బు లేదు. ఊళ్లోవాళ్లు నవ్వారు. అప్పులయ్యాయి. మధ్యలో హైదరాబాద్ వచ్చి కూలిపని చేసుకుంటూ ఒక్కో భాగం కొని తయారుచేసుకున్నాడు. దారాన్ని మేకు చుట్టూ తిప్పే చివరి కదలిక ఒక్కటి ఎంతకూ తెగలేదు. అది మన పక్కనున్న బాలానగర్‌లో, పనికి పోయిన చోట ఒక యంత్రం ఆడుతున్న తీరు చూసి తట్టిందట. 1999లో యంత్రం పూర్తయింది. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు.

బాలానగర్ కార్ఖానాల్లో మన బడి వాళ్లు ఎంతమంది పనిచేశారో నాకు తెలుసు. నేనూ అక్కడే పని నేర్చుకున్నాను. మనం రోజూ చూసిన యంత్రాల్లో ఒక దాన్ని ఒక నేతబిడ్డ చూసి తల్లి భుజం నొప్పికి మందు కనుక్కున్నాడు. మన వృత్తికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

పోచంపల్లిలో ఇవాళ ఆసు యంత్రం ఉన్న ఇల్లు చూడండి. కరెంటు మోటారుతో నడుస్తుంది. దాని పక్కనే మగ్గం. మగ్గం మాత్రం చేత్తోనే, కాలితోనే నడుస్తుంది. ఒకే గదిలో ఒక యంత్రం వచ్చింది, ఇంకొకటి రాలేదు. పెన్సిల్వేనియాలో గాలి ఒత్తిడితో తిరిగే రంపం చూసినప్పుడు నాకు కలిగిన ఆలోచనే ఇక్కడా కలిగింది. ఆసు యంత్రం ఇంటి ఆడమనిషి నొప్పి తీసింది, పని మాత్రం ఇంట్లోనే ఉంచింది. అదే మరమగ్గం వస్తే పనే ఇల్లు దాటి పోతుంది. పదిమంది నేసే బట్ట ఒక షెడ్డులో ఒక మనిషి చూసుకుంటాడు.

అయితే ఇక్కడే పెద్ద తేడా ఉంది. దాన్ని దాచి మాట్లాడితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. అమిష్‌లు తమంతట తాము కూర్చుని తేల్చుకుంటారు. వాళ్ల భూమి వాళ్లది, వాళ్ల సంఘం గట్టిది. 1900 ప్రాంతంలో అయిదు వేల మంది ఉన్నవాళ్లు ఇవాళ మూడున్నర లక్షలు దాటారు. ఇరవై ఏళ్లకొకసారి దాదాపు రెట్టింపవుతున్నారు. మన నేతన్నకు అలా తేల్చుకునే చోటు లేదు. ఆయన తరఫున తేల్చేది నూలు ధర, మాస్టర్ వీవర్ ఇచ్చే కూలి, బజారులో మన బేరం. 2009-10 చేనేత గణనలో దేశంలో 43 లక్షల మంది నేత, అనుబంధ పనివాళ్లున్నారు. 2019-20 గణనకు 35 లక్షలకు దిగారు. పదేళ్లలో ఎనిమిది లక్షల మంది. వాళ్లంతా ఇష్టపడి వేరే పనికి పోయారని ఎవరూ అనలేరు.

చట్టం ఒకటుంది. 1985లో చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం. చీరతో సహా పదకొండు రకాల బట్టల్లో కొన్ని నేతల్ని మరమగ్గం మీద నేయకూడదంటుంది. నా దృష్టిలో అదే మన దేశం రాసుకున్న ఆర్డ్‌నుంగ్. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, 2004-05లోనే. కానీ ఇక్కత్ బొమ్మను బట్ట మీద అచ్చు కొట్టి పదో వంతు ధరకు అమ్మేవాణ్ని చట్టం ఒక్కటే ఆపలేదు. కొనేవాడికి తేడా తెలియాలి.

అందుకని కొనేముందు ఎలా చూడాలో చెబుతాను. బట్టను తిరగేయండి. అసలు ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు బట్టలో వెనక వెలిసినట్టుంటుంది. బొమ్మ అంచు చూడండి. కత్తితో కోసినట్టు ఉంటే అనుమానించండి. అంచు దగ్గర ఒక దారం లాగి చూపించమనండి. దారం పొడవునా రంగులు మారుతుంటే అది కట్టి అద్దిన దారం. చేనేత గుర్తు, పట్టు గుర్తు ఉన్నాయేమో అడగండి. ఇది ఇంజనీరింగ్ చదవకపోయినా చేయగలిగిన తనిఖీ.

పోచంపల్లి అయ్యాక పొద్దు ఉంటే చౌటుప్పల్ మీదుగా ఇంకొంత పోండి. విజయవాడ రోడ్డు మీద కొయ్యలగూడెం నూలు ఇక్కత్ దుప్పట్లకు పేరు పొందిన ఊరు. అక్కడి నుంచి సంస్థాన్ నారాయణపురం వైపు పుట్టపాక. ఇది చిన్న ఊరు, పని మాత్రం చిన్నది కాదు. పడుగునూ పేకనూ రెండింటినీ కట్టి రంగు వేసి, మగ్గం మీద రెండు బొమ్మల్నీ చుక్కకు చుక్క కలిపే నేత ఇది. గుజరాత్‌లో పటాన్, బాలిలో తెంగానన్ లాంటి కొద్ది చోట్ల తప్ప ప్రపంచంలో ఇది కనబడదు. తేలియా రుమాలు ఇక్కడ నేస్తారు. నూలును నూనెలో, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడు ఎరుపు, నలుపు అద్దుతారు. నూనె వాసన ఉంటుంది కాబట్టి తేలియా. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేది. 2020లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరివాళ్లు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. వచ్చేటప్పుడు విజయవాడ రోడ్డు మీదే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే మళ్లీ శామీర్‌పేట. ఒక చుట్టు పూర్తయినట్టు.

ఇంకో రోజు తీరిక ఉంటే భువనగిరి కోట, యాదగిరిగుట్ట, ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం కలిపి పెట్టుకోండి. అన్నీ ఒక్క రోజులో చూడాలని పరుగెత్తకండి. పరుగెత్తితే మగ్గం చప్పుడు వినబడదు.

ఇక మర్యాదల సంగతి. లాంకాస్టర్‌లో టూరిస్టులకు మొదట చెప్పేది, అమిష్‌ల ముఖాలకు ఎదురుగా కెమెరా పెట్టొద్దని. అది వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. ఆదివారం వాళ్ల దుకాణాలు మూసి ఉంటాయి, తట్టి లేపొద్దని చెబుతారు. మనవాళ్లు అక్కడ బుద్ధిగా ఇవన్నీ పాటిస్తారు. అదే మనవాళ్లు ఇక్కడి ఊరికి పోతే నేరుగా చెప్పులతో ఇంట్లోకి నడుస్తారు. పోచంపల్లిలో మగ్గం ఉన్న గది మ్యూజియం కాదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల పూజగది పక్కనే ఉంటుంది.

కాబట్టి గడప దగ్గర ఆగి "అన్నా, చూడొచ్చా?" అని అడగండి. చెప్పులు బయట విడవండి. పడుగు మీద చెయ్యి పెట్టకండి. ఒక్క దారం తెగితే అతకడానికి వాళ్ల సమయం పోతుంది. ఫోటో తీసేముందు అడగండి, ముఖ్యంగా మగ్గం మీదున్న బొమ్మకు. కొత్త బొమ్మ ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి అచ్చు వేసేవాడి చేతిలో పడితే, చీర మగ్గం దిగకముందే దాని నకలు బజారులో ఉంటుంది. పనిలో ఉన్న మనిషిని అరగంట ప్రశ్నలతో కూర్చోబెడితే ఆయన కూలి నష్టపోయినట్టే. ఏదైనా కొనండి. చీరే అక్కర్లేదు, చేతిరుమాలు కొన్నా సరే. ఇంటి దగ్గరే కొంటే ఇంకా మంచిది. సహకార సంఘం దుకాణంలో కొన్నా మంచిదే. బేరం ఆడేటప్పుడు ఆ 9 వేల సార్లు గుర్తు తెచ్చుకోండి.

ఇంకొక మాట. నేత ఇంటి పిల్లవాడు ఎదురుపడితే "మీ తాతల పని వదలొద్దు బాబూ" అని ఉపదేశం చేయకండి. మన పిల్లలు సాఫ్ట్‌వేర్‌కు పోవచ్చు, వాళ్ల పిల్లలు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలా? వాళ్ల పిల్లలు ఇంజనీర్లు కావాలి, టీచర్లు కావాలి, ఇష్టమైతే నేతగాళ్లూ కావాలి. ఆ మూడోది కూడా నాలుగు వేళ్లు నోట్లోకి పోయే దారిగా మిగిలి ఉండాలి. అప్పుడే దాన్ని ఎంచుకోవడం అనొచ్చు. లేకపోతే అది గతిలేక చేయడం, లేదా గతిలేక మానేయడం.

ఈ సభలో ఉన్న టీచర్లకు ఒక విన్నపం. మన పిల్లల్ని విహారయాత్రకు నీళ్ల పార్కులకు తీసుకెళుతున్నాం, మంచిదే. ఏడాదికోసారి పోచంపల్లికి కూడా తీసుకెళ్లండి. లెక్కల సారు వెంట ఉంటే ఇక్కత్ బొమ్మను గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి ఎలా వేస్తారో చూపించవచ్చు. అక్షాలు, నిరూపకాలు అంటే భయపడే పిల్లలకు అక్కడ భయం పోతుంది. రసాయన శాస్త్రం టీచరు ఉంటే పుట్టపాకలో నూనె, బూడిద ఎందుకు కలుపుతారో అడిగించవచ్చు. క్షారం, నూనె కలిస్తే ఏమవుతుందో పుస్తకంలో సబ్బు పాఠంలో ఉంది, ఇక్కడ నూలు మీద ఉంది. భౌతిక శాస్త్రానికి ఆసు యంత్రం ఉంది. తిరిగే కదలికను అటూ ఇటూ ఆడే కదలికగా ఎలా మార్చాడో చూసి రమ్మనండి. తెలుగు టీచరు ఒక్కరు వస్తే పడుగు, పేక, కండె, నాడె, అచ్చు అనే మాటలు పిల్లల నోటికి తిరిగొస్తాయి.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి చూసిపోతున్నారు. శామీర్‌పేట మీదుగా గంటన్నర దూరంలో ఉన్న మనం లాంకాస్టర్ చూసొచ్చి ఇది చూడకపోతే బాగుండదు.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. ఇవాళ మన గురువులకు కప్పిన శాలువాలు చూశాను. నిర్వాహకులు నొచ్చుకోవద్దు, ప్రతి సభలోనూ ఇవే. మెరుస్తాయి, ఇంటికి పోయాక బీరువా అడుగున చేరతాయి. వచ్చే ఏడాది నుంచి మన సంఘం ఇచ్చే ప్రతి వస్త్రం, గురువులకు కప్పేది కానీ, అతిథులకు ఇచ్చేది కానీ, పోచంపల్లి లేదా పుట్టపాక మగ్గం మీద నేసింది కావాలి. ముందే చెప్పి, ముందే కొంత డబ్బు కట్టి నేయించుకుందాం. ఏటా యాభై, అరవై వస్త్రాలవుతాయి. దానివల్ల చేనేత రంగం మారిపోదు. కానీ ఏ ఇంట్లో నేశారో మనకు తెలుసు కాబట్టి ఒకటి రెండు ఇళ్లకు మన సంఘం నుంచి కొన్ని నెలల పని దొరుకుతుంది. అమిష్‌లు నలభై కుటుంబాలు కూర్చుని ఏది రానివ్వాలో తేల్చుకుంటారు. మనం ఇక్కడ అంతకంటే ఎక్కువ కుటుంబాలమే కూర్చున్నాం. ఇంత చిన్న విషయం మనమూ తేల్చుకోగలం.

మొదటి ప్రయాణానికి నేను వస్తాను. బండి, డీజిలు నా బాధ్యత. పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించండి. పిల్లల్నీ మనవళ్లనూ వెంట తీసుకురండి.